తగిన కట్నకానుకలు ఇచ్చి ఉన్నందున

గత మంగళవారం, నేను పోయిన తరువాత ఏమేమి జరగాలో వీలునామాగా రాయించుకుని రావడానికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట ఉన్న రేకుల షెడ్డుకు వెళ్ళాను. మంగళవారం పూట అలాంటి పని పెట్టుకోవద్దని మా ఆవిడ అడ్డుపడింది. చావు కాగితానికి కూడా వర్జ్యం చూడాలా అన్నాను. చూడాలనే ఆమె ఉద్దేశం. తిరిగి వచ్చాక నాకూ అలాగే అనిపించింది.

నన్ను ఆస్తిపరుడనుకోకండి. పట్నంలో రెండు పడకగదుల ఇల్లు, ఊళ్ళో బైపాసు రోడ్డు పక్కన ఎకరంన్నర నేల, బ్యాంకులో కొంత డిపాజిట్టు, మా నాయనమ్మ నాటి ఇత్తడి గంగాళం, మధ్యాహ్నం పన్నెండింటికి నాలుగు గంటలు కొట్టే గోడ గడియారం. ఇంతే. వీటికోసం నా పిల్లలు కురుక్షేత్రానికి దిగుతారన్న భయం నాకు లేదు. గంగాళాన్ని ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటారేమోనన్న భయం మాత్రం ఉంది. పిల్లలిద్దరు. పెద్దవాడు అబ్బాయి, కెనడాలో ఉంటాడు. అమ్మాయి పుణెలో ఉద్యోగం చేసుకుంటోంది. ఇద్దరికీ చెరిసగం రాసి, అర్ధగంటలో ఇంటికి వచ్చి పెసరట్టు తినాలని నా ప్రణాళిక.

దస్తావేజు లేఖరిగారు ముప్పై అయిదేళ్ళుగా ఆ షెడ్డులోనే ఉన్నారు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉండేదట. ఇప్పుడు ఆ ముత్యాలను కంప్యూటర్ లోపల దాచారు. నన్ను కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగారు. పేరు, వయసు, మగపిల్లలు ఎంతమంది. ఒక్కడన్నాను. తరువాతి ప్రశ్న కోసం సిద్ధంగా కూర్చున్నాను. అది రాలేదు. నాలుగు నిమిషాల్లో ప్రింటరు మూడు కాగితాలు కక్కింది. వేడివేడిగా ఉన్నాయి.

మొదటి పేజీలో నేను పూర్తి తెలివితోను, స్థిరబుద్ధితోను ఉన్నానని రాసి ఉంది. సంతోషించాను. ఈ మాట నా గురించి ఎవరైనా రాతపూర్వకంగా ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. తరువాత నా నేలను నిధి, నిక్షేప, జల, తరు, పాషాణాలతో సహా అనుభవించవచ్చని ఉంది. ఎకరంన్నరలో ఉన్న తరువు ఒక్క తుమ్మచెట్టు, పాషాణం ఒక్క సరిహద్దు రాయి. ఆ రాయిని కూడా పక్క పొలం ఆయన ఏటా ఒక అడుగు జరుపుతూ ఉంటాడు. అయినా వినడానికి రాజరికంగా ఉంది.

రెండో పేజీలోకి వచ్చాను. అక్కడ ఇలా ఉంది:

'నా కుమారుడు నా వృద్ధాప్యములో నా మంచిచెడ్డలు చూచుచు, నన్ను ప్రేమాభిమానములతో పోషించుచున్నందునను, నా కుమార్తె శ్రీమతి ........కు వివాహ సమయమున తగిన కట్నకానుకలు ఇచ్చి ఉన్నందునను, ఆమెకు గాని ఆమె వారసులకు గాని సదరు ఆస్తిలో ఏ విధమైన హక్కు గాని, భుక్తము గాని లేదు.'

"అమ్మాయి పేరు చెప్పండి సార్, ఆ చుక్కల మీద వేసేద్దాం" అన్నారు లేఖరిగారు.

నేను ఆ చుక్కలు లెక్కపెట్టాను. ఎనిమిది ఉన్నాయి. నా కూతురి పేరులో నాలుగే అక్షరాలు.

"మా అమ్మాయికి పెళ్ళి కాలేదండీ" అన్నాను.

"అవుతుంది కదా సార్, ఎప్పటికైనా."

"అయినప్పుడు కట్నం ఇచ్చే ఉద్దేశం నాకు లేదు. తీసుకునేవాణ్ణి చేసుకునే ఉద్దేశం దానికీ లేదు."

"అందుకే సార్ 'తగిన' అని పెట్టాం. ఎంత అని ఎక్కడా రాయలేదు చూడండి."

చూశాను. నిజమే, ఎంత అని లేదు. తెలుగు నిఘంటువులో ఇంత అణకువ గల మాట నాకు మరొకటి కనపడలేదు. తగిన. సున్నా ఇచ్చినా తగినదే, స్కూటరు ఇచ్చినా తగినదే. ఎవరికి తగినది, ఎవరు తూచారు, ఏ తక్కెడలో తూచారు, ఇవేవీ ఆ మాట అడగనివ్వదు. గోనెసంచి నోటికి కట్టిన పురికొస లాంటిది. లోపల ఏముందో కనపడనివ్వదు, ఉన్నదాన్ని బయటికి రానివ్వదు.

ఈ వాక్యాన్ని మొట్టమొదట రాసిన మహానుభావుడు ఎవరో నాకు తెలియదు. కవుల పుట్టినరోజులకు విగ్రహాలకు దండలు వేసే ప్రభుత్వాలు ఈయన్ను ఎందుకు మరిచిపోయాయో కూడా తెలియదు. పద్యాలు రాసినవాళ్ళు పరీక్ష వరకే గుర్తుంటారు. ఈయన రాసిన ఒక్క వాక్యం తరతరాలుగా ఒక్క అక్షరం మారకుండా, పాఠభేదం లేకుండా, ఎవరు పోయినా పనికి వస్తోంది. దీన్ని రాయించుకున్నవాళ్ళలో నిరక్షరాస్యులున్నారు, ప్రొఫెసర్లున్నారు. స్త్రీ విద్య మీద సభల్లో గంటసేపు మాట్లాడి వచ్చి, కండువా తీసి కుర్చీకి వేసి, ఈ వాక్యం కింద సంతకం పెట్టినవాళ్ళున్నారు. మీకూ ఒకరిద్దరు తెలిసే ఉంటారు.

"ఆ వాక్యం తీసేయండి" అన్నాను.

లేఖరిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వీలునామాలోంచి నన్నే తీసేయమన్నట్టు చూశారు. "అది తీసేస్తే దస్తావేజు నిలబడదు సార్."

ఇక్కడ నేను కొంత చట్టం చెప్పాలి. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి, ఇలాంటి కాగితాలు వందలు చూశాను. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, ఇష్టమైతే చేయించుకోవచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టం అడిగేది రాసినవాడి సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. ఇంతే. స్వార్జితమైతే కాకులకు రాసినా గద్దలకు రాసినా కారణం చెప్పమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. మరి కారణం ఎందుకు రాస్తారంటే, దానికీ ఒక చరిత్ర ఉంది. 1959లో మైసూరు వైపు నుంచి వచ్చిన ఒక వీలునామా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. వీలునామా చుట్టూ అనుమానించదగిన పరిస్థితులుంటే, పంపకం అసహజంగా కనిపిస్తే, ఆ అనుమానం తీర్చవలసిన భారం దాన్ని తెచ్చినవాడిదేనని. కన్నబిడ్డను తోసేయడం అసహజమేనని కోర్టుకు తోచవచ్చు కదా. తోచకుండా ఉండాలంటే ఒక కారణం కావాలి. అందుకని మనవాళ్ళు న్యాయమూర్తి అనుమానపడకముందే తయారుగా ఒక అబద్ధం రాసి పెట్టుకున్నారు. ఆ అబద్ధాన్ని అందరూ ఒకేలా రాస్తారు కాబట్టి అది సహజంగా కనిపిస్తుంది. ఒక్కడు రాస్తే మోసం, ఊరంతా రాస్తే ఆచారం.

దీనికంటే పెద్ద వినోదం మరొకటుంది. లేఖరిగారిని అడిగాను: "కట్నం ఇవ్వడం నేరమని మీకు తెలుసా?"

"తెలుసు సార్. 1961 చట్టం."

"తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా. అయిదేళ్ళకు తగ్గకుండా జైలు."

"అవును సార్."

"మరి నేను కట్నం ఇచ్చానని, నా అంతట నేను, స్థిరబుద్ధితో, ఇద్దరు సాక్షుల ముందు ఒప్పుకుంటూ రాసి, దాన్ని తీసుకువెళ్ళి ప్రభుత్వ అధికారి ముందు పెట్టి, ఫొటో దిగి, వేలిముద్ర వేసి రమ్మంటారా?"

లేఖరిగారు కాసేపు ఆలోచించారు. ఆయన నిజాయితీపరులు. "ఇన్నేళ్ళలో ఒక్కరిని కూడా పట్టుకోలేదు సార్" అన్నారు.

ఆలోచించండి. కోళ్ళు ఎత్తుకుపోయేవాడు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి, 'నేను ఫలానా రోజున తగిన కోళ్ళను దొంగిలించి ఉన్నందున' అని రాసిచ్చి, రసీదు తీసుకుని, ఇంటికి వచ్చి హాయిగా పడుకోగలడా? కూతురి తండ్రి పడుకోగలడు. సరిగ్గా చూస్తే ప్రభుత్వం దగ్గర కట్న నేరస్థుల జాబితా ఉంది. పేర్లతో, చిరునామాలతో, సర్వే నంబర్లతో, నాలుగు దిక్కుల హద్దులతో సహా. వరకట్న నిషేధ అధికారికి సబ్ రిజిస్ట్రార్ గదిలో ఒక కుర్చీ వేస్తే చాలు, జీపు ఖర్చు కూడా ఉండదు. ముద్దాయిలే ఫీజు కట్టి, వరసలో నిలబడి, టోకెన్ నంబరు పిలిచేదాకా ఓపిక పట్టి, లోపలికి వస్తారు.

అబ్బే, అది కట్నం కాదండీ, పసుపు కుంకుమ అంటారు. అలాగే అనుకుందాం. మరి కాగితంలో ఆ మాట ఎందుకు లేదు? మీరే కదా కట్నకానుకలు అని రాయించుకున్నది!

మళ్ళీ షెడ్డులోకి వద్దాం. మొదటి సగం సంగతి తేల్చాలి. 'నా కుమారుడు నన్ను ప్రేమాభిమానములతో పోషించుచున్నందున.' మా అబ్బాయి మంచివాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. అక్కడ మంచు పడుతోందని చెబుతాడు, ఇక్కడ ఉక్కపోస్తోందని చెబుతాను. దాన్ని పోషణ అంటే వాడే నవ్వుతాడు. నా పోషణ నా పింఛను చూసుకుంటోంది. ఆ సంగతి చెప్పాను.

"పింఛనుకు ఆస్తి రాయలేం కదా సార్" అన్నారు లేఖరిగారు.

అప్పటికి టీ వచ్చింది. తెచ్చినవాడే సాక్షి అట. రోజుకు నాలుగైదు సాక్షి సంతకాలు పెడతాడు, మనిషికి వంద రూపాయలు. రేపు కోర్టులో వీలునామా రుజువు కావాలంటే కనీసం ఒక సాక్షి వచ్చి, ఫలానా ఆయన నా కళ్ళముందు సంతకం పెట్టాడని చెప్పాలి. ఈ కుర్రాడు నా ముఖం వైపు కూడా చూడలేదు, చక్కెర వేయాలా వద్దా అని మాత్రం అడిగాడు. రెండో సాక్షి బయట బల్ల మీద నిద్రపోతున్నారు. ఆయనకు ఎనభై రెండేళ్ళు. నాకు అరవై ఎనిమిది. నేను పోయాక ఆయన వచ్చి సాక్ష్యం చెబుతారని లేఖరిగారి నమ్మకం. నా ఆరోగ్యం మీద ఆయనకు ఉన్న అభిప్రాయం అప్పుడు అర్థమైంది.

నవ్వుకుంటూనే ఉన్నాను. రెండో పేజీ చేతిలోనే ఉంది. అది నేను అంతకుముందు ఎక్కడో చదివిన వాక్యమని అప్పటిదాకా ఎందుకు గుర్తు రాలేదో, లేక గుర్తుకు రానివ్వలేదో. మా నాన్న వీలునామాలో చదివాను. 1991. అప్పుడది చేతిరాతలో ఉంది. ముత్యాల్లాంటి చేతిరాత.

మా నాన్న బడిపంతులు. జీతంలో మిగిల్చి, ట్యూషన్లు చెప్పి మూడు ఎకరాలు కొన్నాడు. పైసా కూడా తాతగారిది కాదు, అంతా స్వార్జితం. నాకు ఒక్క చెల్లెలు. 1984 మే నెలలో పెళ్ళయింది. పాతిక వేలు రొక్కం, పన్నెండు కాసుల బంగారం, ఒక స్కూటరు, మంచం, బీరువా. ఇదీ 'తగిన'. ఇందులో రొక్కం సంగతి చెబుతాను. పీటల మీద కూర్చోబోయే ముందు మా నాన్న వెండి పళ్ళెంలో పెట్టి వియ్యంకుడికి అందించాడు. మా చెల్లెలు ఆ నోట్లను ఆ ఒక్కసారి, దూరం నుంచి చూసింది. అదే ఏడాది శ్రావణంలో వాళ్ళ ఆడపడుచు పెళ్ళయింది. ఆ పాతిక వేలు అక్కడికి వెళ్ళాయి. అక్కడి నుంచి ఇంకెక్కడికి వెళ్ళాయో, ఏ ఊళ్ళు తిరిగాయో, ఏ వీలునామాలో ఏ ఆడపిల్లకు 'ఇచ్చి ఉన్నందున'గా నమోదయ్యాయో ఎవరు చెప్పగలరు? ఒకే నోట్ల కట్ట పదిమంది ఆడపిల్లల హక్కు తీర్చి ఉంటుంది, ఒక్కరి చేతికీ చిక్కకుండా. కట్నం ఎవరు పుచ్చుకున్నా దాన్ని ఆ అమ్మాయికే అప్పగించాలని అదే 1961 చట్టంలో ఉంది. ఈ మాట చదివినప్పుడల్లా నాకు చట్టం రాసినవాళ్ళ అమాయకత్వం మీద జాలి వేస్తుంది. స్కూటరు బావగారిది. మంచం విరిగింది. బంగారంలో సగం వాళ్ళ మామగారి ఆపరేషన్‌కు తాకట్టుకు వెళ్ళి తిరిగి రాలేదు. బీరువా ఉంది. అందులో చెల్లెలు ఇప్పుడు పచ్చళ్ళ జాడీలు పెట్టుకుంటోంది.

మా నాన్న ఆ వీలునామా రాయకుండా పోయి ఉంటే ఏమయ్యేదో తెలుసా? 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కి, కూతురికి సమాన భాగాలు. మూడు ఎకరాలు, ముగ్గురం. మనిషికి ఒక ఎకరం. గణితంలో ఇంతకంటే తేలిక లెక్క ఒకటో తరగతి పుస్తకంలో కూడా లేదు, మా నాన్న చెప్పింది లెక్కలే. ఎవరూ ఏమీ చేయకుండా, చేతులు కట్టుకుని కూర్చుంటే, మా చెల్లెలికి ఎకరం వచ్చేది. అది రాకుండా ఉండడానికి ఒక మనిషి బస్సెక్కి, పట్నం వచ్చి, ఈ షెడ్డులో కూర్చుని, డబ్బు ఇచ్చి ఒక కాగితం రాయించుకోవలసి వచ్చింది. పిల్లలు కొట్టుకోకుండా ఉండేందుకు వీలునామా రాస్తారని పెద్దలు చెబుతుంటారు. మన ఇళ్ళలో అది చాలామటుకు, ఆడపిల్లకు చట్టం ఒక చేత్తో పెట్టిన ముద్దను నోటిదాకా వెళ్ళకుండా తీసేసే పనిముట్టు.

చట్టం తనవంతు ప్రయత్నం చేసింది పాపం. పిత్రార్జితంలో ఆడపిల్లకూ పుట్టుకతో వాటా అని దేశమంతా అనకముందే మన రాష్ట్రం అంది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు మాత్రం వర్తించదన్నారు. తాతగారి తాలూకు అరెకరం ఒకటి ఉండేది. మా చెల్లెలు పదహారు నెలల తేడాతో అందులోనూ తప్పిపోయింది. 2005లో కేంద్రం ఆ గోడ పడగొట్టింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేడా అన్న మెలికను 2020లో సుప్రీంకోర్టు విప్పేసింది. ఇన్ని మెట్లు ఎక్కి వచ్చాక ఆడపిల్లకు గుమ్మంలో ఎదురయ్యేది ఈ లేఖరిగారి రెండో పేజీ.

నాన్న వీలునామాలో 'కుమారుడు పోషించుచున్నందున' అన్న మాట కూడా ఉంది. ఆ కుమారుణ్ణి నేనే. 1991లో నా ఉద్యోగం నాగపూర్‌లో. దసరాకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి వచ్చేవాణ్ణి. వచ్చేటప్పుడు ఒక బుట్ట కమలాపళ్ళు తెచ్చేవాణ్ణి. ఏడాదికి రెండు బుట్టలు. వృద్ధాప్యంలో మంచిచెడ్డలు చూడడమంటే అదే.

మరుసటి ఏడాది నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. అమ్మ ఒక్కతే లేపలేదు. నాకు సెలవు లేదు. నిజంగానే లేదు, కానీ అడగలేదు కూడా. చెల్లెలు వచ్చి ఇద్దరినీ వాళ్ళింటికి తీసుకువెళ్ళింది. అత్తగారితో మాట పడింది. పధ్నాలుగు నెలలు ఆయనకు మలమూత్రాలు ఎత్తింది. పుండ్లు పడకుండా రాత్రి రెండు గంటలకోసారి లేచి పక్కకు తిప్పేది. అన్నం మెత్తగా పిసికి, పలచని మజ్జిగలో కలిపి, ఎడమ దవడ వైపు పెట్టేది, కుడివైపు పెడితే జారిపోయేది. ఇవన్నీ నాకు ఎలా తెలుసు? ఆమె ఉత్తరాల్లో రాసేది. చదివి, మడిచి, ఫైలులో పెట్టుకునేవాణ్ణి.

ఆ పధ్నాలుగు నెలల్లో వీలునామా మార్చవచ్చు. ఎన్నిసార్లయినా మార్చవచ్చు, చివరిదే చెల్లుతుంది. కుడిచేయి పనిచేయకపోతే ఎడమచేతి వేలిముద్ర చాలు. ఆయన తెలివి చివరి వరకూ చెక్కు చెదరలేదు. ఇది మా నాన్నకు తెలియకపోవచ్చు. బ్యాంకులో అప్పుల పత్రాల మీద రోజూ వేలిముద్రలు వేయించుకునే ఆఫీసరు ఒకడికి తెలుసు. వాడు నాగపూర్‌లో కూర్చుని నోరు మూసుకున్నాడు. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు, ప్రోద్బలమూ లేదు. పూర్తి తెలివితో, స్థిరబుద్ధితో నోరు మూసుకున్నాను.

1993లో నాన్న పోయాడు. పన్నెండో రోజు భోజనాలయ్యాక పెద్దమనుషులు హాల్లో చాపలు వేసుకుని కూర్చున్నారు. వీలునామా చదివారు. ఆ వాక్యం వచ్చినప్పుడు ఎవరూ తల ఎత్తలేదు. కిటికీలో కాకి కూడా కదలలేదు. అందరికీ తెలిసిన మంత్రం కదా. వీలునామా ఉన్నా, ఎందుకైనా మంచిది, అమ్మాయి చేత కూడా హక్కు వదులుకుంటున్నట్టు ఒక విడుదల కాగితం మీద సంతకం పెట్టిద్దామన్నారు ఒకాయన. చెల్లెల్ని పిలిచారు. వంటింట్లోంచి వచ్చింది. చేతులకు శనగపిండి ఉంది, పక్కింటివాళ్ళకు కట్టి పంపడానికి బజ్జీలు వేస్తోంది. కొంగుకు తుడుచుకుని కలం తీసుకుంది. "ఇక్కడేనా అన్నయ్యా?" అని అడిగింది. ఇక్కడే అని నేనే వేలు పెట్టి చూపించాను. సంతకం మీద పిండి మరక పడింది. ఆమెకు జరీ అంచు చీర, రవికె గుడ్డ, పసుపు కుంకుమ పెట్టారు. చీర మా ఆవిడ ఎంచింది, ఆరువందల ఎనభై రూపాయలు. చెల్లెలు దాన్ని కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. బజ్జీలు మాడుతున్నాయని.

పాండవులు అయిదూళ్ళు అడిగారు. ఇవ్వనన్నందుకు పద్ధెనిమిది అక్షౌహిణులు చచ్చాయి. మా చెల్లెలు ఒక సెంటు కూడా అడగలేదు. అందువల్ల మా ఇంట్లో అంతా ప్రశాంతంగా ఉంది, మా కుటుంబంలో ఆస్తి గొడవలు లేవని నేను ముప్పై ఏళ్ళుగా నలుగురిలో గొప్పగా చెప్పుకుంటున్నాను. సిగ్గులేని వెధవ ఎవడైనా ఉంటే ఇలాగే చెప్పుకుంటాడు. ఆ మూడు ఎకరాల్లో సగం 2008లో అమ్మాను. ఇల్లు కట్టాను, మా వాణ్ణి విదేశం పంపాను. మిగిలిన సగమే ఇప్పుడు బైపాసు పక్కకు వచ్చి, నన్ను ఈ షెడ్డుకు తీసుకొచ్చింది.

అన్నట్టు, ఆడవాళ్ళు తమ వీలునామాలు తాము రాసుకోరు. రాసుకోవాలని కూడా మనం అనుకోము. మా అమ్మ తన కాసులపేరు నీకే ఇస్తానని మా ఆవిడకూ, నీకే ఇస్తానని చెల్లెలికీ, నీకే ఇస్తానని మా అమ్మాయికీ విడివిడిగా చెప్పి, చివరికి ఎవరికీ చెప్పకుండా పోయింది. అది నవ్వుకునే సంగతి. నవ్వలేని సంగతి 2009 నాటిది. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోతే అత్తవారు వెళ్ళగొట్టిన ఒక స్త్రీ, పుట్టింట్లో ఉండి చదువుకుని, ఉద్యోగం చేసి సంపాదించి, పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా చనిపోయింది. ఆమె స్వార్జితం ఎవరికి పోవాలన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1956 చట్టంలోని పదిహేనో సెక్షను ప్రకారం భర్త వారసులకేనని తేల్చారు. వెళ్ళగొట్టినవాళ్ళకే. జాలి వేరు, చట్టం వేరు అన్నారు. మగవాడికి కూతుర్ని తోసేయడానికి వీలునామా కావాలి. ఆడదానికి తనను తోసేసినవాళ్ళు తన సొమ్ము తినకుండా ఉండడానికి వీలునామా కావాలి. లేఖరిగారి కంప్యూటర్‌లో ఈ రెండోదానికి మాత్రం నమూనా లేదు. అడిగాను.

"ఇంతకీ ఎలా రాయమంటారు సార్?" అన్నారు ఆయన. బయట టోకెన్లు పిలుస్తున్నారు.

ఇల్లు, డిపాజిట్టు పిల్లలిద్దరికీ చెరిసగం, కారణాలేవీ రాయవద్దు అన్నాను. గంగాళం అబ్బాయికి, విమానంలో తీసుకువెళ్ళే బాధ వాడిది. గడియారం ఎవరికైనా. ఎకరంన్నర మా చెల్లెలికి.

"మీ తదనంతరమా?"

అవునన్నాను. చూశారా, అప్పుడు కూడా అవునన్నాను. ఇవ్వాలన్న బుద్ధి పుట్టడానికి ముప్పై రెండేళ్ళు పట్టింది. పుట్టినదాన్ని కూడా నేను చచ్చేదాకా వాయిదా వేయాలని చూశాను. లేఖరిగారే ఆపారు.

"ఆవిడ మీకంటే ముందు పోతే ఆ రాత చెల్లదు సార్. ఆవిడ పిల్లలకు రాదు. వెంటనే ఇవ్వాలంటే సెటిల్‌మెంట్ దస్తావేజు రాయించుకోండి."

చెల్లెలు నాకంటే ఆరేళ్ళు చిన్న. కానీ మోకాళ్ళు పోయాయి, షుగరు ఉంది. సరే, అదే రాయమన్నాను. ఆయన కొత్త ఫైలు తెరిచారు. అందులోనూ తయారుగా ఒక వాక్యం ఉంది. 'నా సోదరియగు మీపై నాకు గల ప్రేమాభిమానములచేత ఇచ్చుచున్నాను.'

"అది తీసేయండి. బాకీ ఉన్నందున అని రాయండి" అన్నాను.

లేఖరిగారు కీబోర్డు మీంచి చేతులు తీశారు. "బాకీ కింద ఇస్తే అది సెటిల్‌మెంట్ కాదు సార్. అమ్మకంలో పడుతుంది. స్టాంపు డ్యూటీ ఎక్కువ. ప్రేమాభిమానాలైతే రక్తసంబంధం కింద తక్కువలో అయిపోతుంది."

"ఎంత తేడా?"

చెప్పారు. కాగితం మీద వేసి చూపించారు కూడా.

ప్రేమాభిమానాలే రాయించాను.